ఆరు చేతుల కోవిల్‌పట్టి

విరుదునగర్,
22 సెప్టెంబరు 2024

కాలేజీలో పాఠాలు చెప్పే మేనకోడలు బృందకు, మిరపకాయల మండీలో గుమాస్తా పని చేసి రిటైరైన మామ తిరుపతిసామి రాసేది. ఇక్కడ నేనూ మీ అత్త ముత్తమ్మాళూ బాగున్నాము. అక్కడ నువ్వూ మా అక్క వేలమ్మాళూ బాగున్నారని నిన్న ఫోనులో విన్నాను కాబట్టి మళ్ళీ అడగను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. పోయిన నెల నీకోసం మాట్లాడి పంపిన వాయిస్ మెసేజీ వెళ్ళి తెలుగు మాట్లాడేవాళ్ళమంతా చేరిన మన తెలుగు పేసేవాళ్ళ సంగం గ్రూపులో పడింది. "నారాయణసామికి నోరుండాది, బుద్ది లేదు" అని నేనన్నది ఊరంతా విన్నది. నారాయణసామి రెండుసార్లు విన్నాడట. అప్పటినుంచి ఎన్నికల సంగతులు కాగితం మీదే. మన ఇళ్ళలో తెలుగు రాయడం, చదవడం వచ్చింది మనిద్దరికే. నీకు నేర్పింది నేనేనని అప్పుడప్పుడూ గుర్తు చేసుకో.

సంగతేమిటంటే, నవంబరు పదో తేదీ సంగం తలైవర్ ఎన్నికకు, అదే అధ్యక్షుడి కుర్చీకి, నిలబడుతున్నాను. అవతల నిలబడింది ఎట్టయాపురం నారాయణసామే. నువ్వు సంగం కూటానికి ఒక్కసారీ రాలేదు గనక చెబుతున్నాను, విను. మనకు ఐదు కిళైలు, ఊరికొక శాఖ. ఒక్కో ఊరి కిళైకి ఇన్ని చేతులని పెద్దలు ఎప్పుడో కట్టిపెట్టారు. విరుదునగర్‌కు ఏడు, కోవిల్‌పట్టికి ఆరు, అరుప్పుకోట్టైకి ఐదు, సాత్తూరుకు నాలుగు, ఎట్టయాపురానికి మూడు. ఒక కిళైలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ కిళై చేతులన్నీ వాళ్ళకే లేస్తాయి. మొత్తం ఇరవై ఐదు. పదమూడు వస్తే గెలుపు.

అమెరికాలో కూడా ఇదే పద్ధతని టీవీలో విన్నాను. నువ్వు చెప్పేది ఆ పాఠమే కదా. అక్కడివాళ్ళు ఎట్లా గెలుస్తారో మామకు రాసి పంపు. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీ కోసం చూస్తున్నాను. నాకు అరవై ఎనిమిది. ఇప్పుడు పోతే మళ్ళీ ఐదేళ్ళు ఆగే ఓపిక లేదు.

నీ మామ,
తిరుపతిసామి


కోవిల్‌పట్టి,
26 సెప్టెంబరు 2024

అభ్యర్థిగారికి ఓటరు బృంద నమస్కారం.

మన సంగం పెట్టిన పెద్దలు అమెరికా చూడలేదు, అమెరికా పెద్దలు విరుదునగర్ చూడలేదు. ఐనా ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. అక్కడ యాభై రాష్ట్రాలూ రాజధానీ కలిపి 538 ఓట్లు. 270 వస్తే గెలుపు. రాష్ట్రంలో గెలిచినవాళ్ళకు ఆ రాష్ట్రం ఓట్లన్నీ పోతాయి. రెండు చిన్న రాష్ట్రాలు మాత్రం పంచి ఇస్తాయి. అందువల్ల దేశం మొత్తంలో ఎక్కువమంది ఓటు వేసిన మనిషి కూడా ఓడిపోవచ్చు. ఈ పాతికేళ్ళలో రెండుసార్లు అలాగే జరిగింది.

కాలిఫోర్నియా ఎటు వేస్తుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి అక్కడ ఇంటింటికీ తిరిగి ఓటడిగేవాళ్ళు తక్కువ. పెన్సిల్వేనియా లాంటి ఏడు రాష్ట్రాలు అటూ ఇటూ ఊగుతుంటాయి. చక్కర్లు కొట్టేదంతా అక్కడే. మీ లెక్క వేసి చూశాను. విరుదునగర్ మీది, ఏడు. ఎట్టయాపురం, అరుప్పుకోట్టై నారాయణసామిగారివి, ఎనిమిది. సాత్తూరు ఎవరికి వచ్చినా పదమూడుకు చాలదు. కోవిల్‌పట్టి గెలిచినవాళ్ళే తలైవర్. అంటే మా ఊరే మీ పెన్సిల్వేనియా. విరుదునగర్‌లో తిరిగి చెప్పులు అరగదీసుకోకండి.

అమ్మ మీ ఉత్తరం చదివి వినిపించమంది. వాయిస్ మెసేజీ దగ్గర పది నిమిషాలు నవ్వింది.

బృంద


విరుదునగర్,
2 అక్టోబరు 2024

నా పెన్సిల్వేనియాకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. విరుదునగర్‌లో ఇంటి గడప దిగలేదు. పక్కింటి కుమారసామి వచ్చి "ఏంప్పా తిరుపతీ, ఓటు అడగరా? మేము పనికిరామా?" అన్నాడు. "మీరు కాలిఫోర్నియాప్పా" అన్నాను. కోపంతో లేచిపోయాడు. ఇప్పుడు మీ అత్త చేతిలో మురుకుల డబ్బా పట్టుకుని వీధివీధీ తిరిగి నా మాటకు సర్ది చెబుతున్నది. నీ పాఠం వల్ల మా ఇంట్లో శనగపిండి ఖాళీ.

ఇంకొక సందేహం. నేను నలభై ఏళ్ళు బూత్ ఏజెంటుగా కూర్చున్నవాణ్ణి. గుమ్మంలోకి వచ్చే మనిషి ఇల్లూ వీధీ తెలిస్తే చాలు, ఓటు ఎటో చెబుతాను. పదికి ఒకటి తప్పితే ఎక్కువ. మనకు కులముంది గనక లెక్క సులువు. అక్కడ కులం లేదంటావు. మరి అమెరికా ఏజెంటు దేన్ని చూసి లెక్క వేస్తాడు? పాపం, ఏమీ తెలియకుండా కూర్చుంటాడా?

కోవిల్‌పట్టిలో రెండువందల పది ఓట్లు. నావి తొంభై ఐదు, వాడివి నూటపదిహేను అనిపిస్తున్నది. ఇరవైకి పైగా కావాలి. ఎక్కడనుంచి తేవాలో నీ అమెరికాను అడిగి చెప్పు.

మామ


కోవిల్‌పట్టి,
8 అక్టోబరు 2024

శనగపిండి పోగొట్టిన పాపం నాదే, అత్తకు చెప్పండి.

అమెరికా ఏజెంటు మీకంటే సులువుగా లెక్క వేస్తాడు మామా. ఒంటి రంగు చూస్తాడు, ఊరు చూస్తాడు. నల్లవాళ్ళలో పదిమందికి ఎనిమిది తొమ్మిదిమంది అక్కడి రెండు పెద్ద పార్టీల్లో ఒక కట్చీకి వేస్తారు. తెల్లవాళ్ళలో సగంకంటే ఎక్కువమంది అవతలి కట్చీకి. అదే తెల్లవాడు పెద్ద పట్నంలో ఉంటే ఒక రకం, దక్షిణాది పల్లెలో చర్చి పక్కన ఉంటే ఇంకో రకం.

ఆ దక్షిణాది కథ మీరు వినాలి. అక్కడ పత్తి పండే నల్లరేగడి నేల ఉంది, మన ఎట్టయాపురంలాగే. అక్కడి తెల్లవాళ్ళు దాదాపు వందేళ్ళు ఒకే కట్చీకి కట్టుబడి ఉన్నారు. నల్లవాళ్ళకు కాగితం మీద ఓటు ఉంది. వేయబోతే చదువు పరీక్ష, పన్ను, దెబ్బలు. 1965లో ఆ కట్చీ అధ్యక్షుడే, అతనూ దక్షిణాదివాడే, వాళ్ళ ఓటును ఎవరూ ఆపకూడదని చట్టం చేశాడు. అప్పటినుంచి ఆ తెల్లవాళ్ళు ఏటికేడు కొద్దికొద్దిగా అవతలి కట్చీకి జారుకున్నారు. ఇవాళ ఆ ప్రాంతం చాలావరకు వాళ్ళదే.

ఇది చదువుతుంటే నాకు మన సంగం రూల్ పుస్తకం గుర్తొచ్చింది. "ఇంట్లో తెలుగు పేసే, పద్దెనిమిదేళ్ళు నిండిన ఎవరైనా" అని రాసి ఉంది. మా ఊరి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక, ఊరు ఎడంగా ఉంచిన కాలనీలో కూలికి పోయేవాళ్ళంతా తెలుగే మాట్లాడతారు. మనకంటే బాగా మాట్లాడతారు. మన మంటపంలో పెళ్ళయితే వాళ్ళను ఊడవడానికి పిలుస్తాము. సభ్యులుగా ఒక్కరినీ చేర్చుకోలేదు. ఎందుకని మామా?

బృంద


విరుదునగర్,
17 అక్టోబరు 2024

నా తెలివైన బిడ్డకు,

నీ ఉత్తరం చదివి అర్ధగంట అటూ ఇటూ నడిచాను. ఇరవై ఓట్లు అడిగితే నలభై ఆరు చూపించావు. దీన్నే చదువు అంటారు.

పోయిన ఆదివారం కమిటీ కూటంలో రూల్ పుస్తకం తీసి గట్టిగా చదివాను. నారాయణసామి లేచి "రూలు ఉండాది, సరి. ఇన్ని నాళ్ళు లేని రూలు ఇబుడు యాల?" అన్నాడు. మన కోవిల్‌పట్టివాళ్ళే కొందరు తల వంచుకుని కూర్చున్నారు. నేను వదల్లేదు. రూల్‌ను కాదనే నోరు ఎవరికీ లేకపోయింది. కాలనీ పెద్ద ఇసక్కిపాండికి ఫోను చేశాను. నలభై ఆరుమంది ఆధార్ జిరాక్సులు రెండు రోజుల్లో వచ్చాయి. అందరూ చేరారు. ఇసక్కిపాండి ఒక మాట అంటే నలభై ఆరూ ఒకేవైపు పడతాయి. నా తొంభై ఐదుకు కలుపు. నూటనలభై ఒకటి. వాడికి నూటపదిహేను. కోవిల్‌పట్టి నాది, కుర్చీ నాది.

తలైవర్ అయ్యాక మొదటి కూటంలో నిన్ను వేదిక మీద కూర్చోబెడతాను. మంచి చీర కట్టుకుని రా.

కాబోయే తలైవర్


కోవిల్‌పట్టి,
24 అక్టోబరు 2024

కాబోయే తలైవర్‌గారికి, కాబోయే వేదిక అలంకారం రాసేది.

వాళ్ళను చేర్చారని విని నాకు నిజంగా సంతోషమైంది. తరువాత మీ కూడిక చదివితే కొంచెం బాధ కలిగింది. ఎందుకు చేర్చలేదని నేను అడిగింది న్యాయం గురించి. మీరు నలభై ఆరు అని చదువుకున్నారు.

సరే, లెక్కే మాట్లాడుకుందాం. పదిమందికి తొమ్మిదిమంది ఒకవైపు వేస్తారంటే, పదోవాడు ఉన్నాడని కూడా అర్థం. స్పానిష్ మాట్లాడే ఇళ్ళవాళ్ళు మావైపేనని ఒక కట్చీ చాలా ఏళ్ళు అనుకున్నది. అది ఇప్పుడు సడలుతున్నది. మీరు కాలనీకి వెళ్ళారా? ఇసక్కిపాండికి కాకుండా ఇంకెవరికైనా ఒక మాట చెప్పారా? అక్కడ సగానికి పైగా ఆడవాళ్ళే. మా ఇంటిముందునుంచే ఫ్యాక్టరీకి పోతారు. వాళ్ళలో పాండియమ్మాళ్ అని ఒకామె ఉంది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరే ఆమెకు భయపడతాడు. ఇసక్కిపాండి ఒక మాట అంటే ఆమె రెండంటుంది.

మా క్లాసులో నేను అమెరికాకు జోస్యం చెప్పాను. ఊగే ఏడు రాష్ట్రాలు చెరి సగం పడతాయి, పెన్సిల్వేనియా ఒక గోరంత తేడాతో తేలుతుంది అని. మీరు కూడా రాసి పెట్టుకోండి.

బృంద


విరుదునగర్,
4 నవంబరు 2024

వేదిక మీద చోటు రద్దయిన బృందకు,

దీపావళికి నువ్వు పంపిన బెల్లం అదిరసాలు అందాయి. ఒకటి నేను తిన్నాను, మిగతావి కుమారసామికి పోయాయి. కాలిఫోర్నియా ఇప్పుడు శాంతించింది.

న్యాయమైనా లెక్కైనా పెట్టెలో పడేది ఒకే చీటీ. నేను చేర్చకపోతే వాళ్ళకు ఓటే లేదు. చేర్చినవాడికి వేయక చేర్చొద్దన్నవాడికి వేస్తారా? నీ అమెరికాలో అట్లా ఉంటుందేమో, ఇక్కడ ఉప్పు తిన్న విశ్వాసం ఉంది. పాండియమ్మాళ్ ఎవరో నాకు తెలియదు. వీధి పెద్ద మాట దాటి ఆడది ఓటు వేయడం నలభై ఏళ్ళలో నేను చూడలేదు. ఇది చదివి నువ్వు పళ్ళు కొరుకుతావని తెలుసు. కొరుక్కో.

మన ఇళ్ళవాళ్ళలో మాత్రం గుసగుసలు ఉన్నాయి. "రేపు పంక్తిలో మన పక్కన కూసుంటారా?" అని సాత్తూరు తిరుమణంలో, పెళ్ళిపందిట్లోనే, ఒకాయన అడిగాడు. వినపడనట్టు ఉన్నాను. ఎన్నిక అయ్యాక చూసుకుందాం.

మామ


కోవిల్‌పట్టి,
8 నవంబరు 2024

మామకు,

ముందు మీరు నవ్వండి, తరువాత చదవండి. ఏడు రాష్ట్రాల్లో ఐదు ఒకేవైపు పడ్డాయి, మిగతా రెండూ అటే పోతున్నాయి. చెరి సగం అన్న మీ మేనకోడలు నిన్న క్లాసులోకి అడుగు పెడితే బోర్డు మీద ఎవరో పెద్ద సున్నా గీసి ఉంచారు. చెరిపేసి పాఠం చెప్పాను. చెవులు మాత్రం సాయంత్రందాకా మండాయి.

టెక్సాస్ సరిహద్దులో ఒక జిల్లా ఉంది. నూటికి తొంభై ఐదుకు పైగా స్పానిష్ మాట్లాడే ఇళ్ళవాళ్ళే. వందేళ్ళకు పైగా ఒకే కట్చీకి వేసిన జిల్లా. ఈసారి తిరిగింది. సరిహద్దులో గోడ కడతానన్నవాళ్ళకే వేశారు. ధరలు మండుతున్నాయని కొందరు, మమ్మల్ని లెక్కలో కలిపేసుకుని మా వీధి మరిచిపోయారని కొందరు చెబుతున్నారు. రంగు తెలిస్తే చాలు, మనిషి తెలిసినట్టేనని నేను కూడా అనుకున్నాను. ఏళ్ళతరబడి పాఠం చెబుతూ నేనే అనుకున్నానంటే సిగ్గుగా ఉంది.

ఈ ఉత్తరం రేపు మీకు అందుతుంది. అందగానే బస్సెక్కండి. శనివారం ఫ్యాక్టరీ షిఫ్టు ఐదింటికి వదులుతారు. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడగండి. నేను పక్కన నిలబడతాను. మీకు ఈ కుర్చీ ఎంత కావాలో నాకు తెలుసు మామా, అందుకే బతిమాలుతున్నాను.

బృంద


విరుదునగర్,
12 నవంబరు 2024

బృందకు,

నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నమే వచ్చింది. చదివి మడిచి పెట్టాను. రాలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి కూలివాళ్ళను చేతులు జోడించి అడగాలా అనుకున్నాను.

ఫలితం నీకు తెలుసు. కోవిల్‌పట్టిలో నారాయణసామికి నూటఇరవై ఐదు, నాకు నూటపదహారు. తొమ్మిది ఓట్లు. ఆరు చేతులూ వాడికి లేచాయి. మండీలో నలభై ఏళ్ళు నా కింద పని చేసినవాళ్ళు కూడా చూస్తుండగా దండ వాడి మెడలో పడింది.

చేర్చినవాణ్ణి కాలనీవాళ్ళు ముంచారు. అమెరికా గిమెరికా అని ఇంత దూరం తెచ్చింది నువ్వు. ఇంట్లో నేను ఎవరితోనూ మాట్లాడటం లేదు. నీకు కూడా ఇకమీద రాయను. మీ అత్త పెట్టిన కూటిలో ఉప్పు ఎక్కువైంది, దానికి కూడా నువ్వే కారణం.

తిరుపతిసామి


కోవిల్‌పట్టి,
15 నవంబరు 2024

నాకు రాయనని రాసిన మామకు,

ఉప్పు సంగతి ఒప్పుకుంటున్నాను. మిగతాది పూర్తిగా ఒప్పుకోను.

మిమ్మల్ని ముంచింది కాలనీయేనని ఎట్లా తెలుసు? పెట్టెలో చీటీలకు వీధి పేరు ఉండదు. మీ తొంభై ఐదు తొంభై ఐదుగానే ఉన్నాయా? పంక్తి గురించి అడిగినవాళ్ళు ఎటు వేశారు? దక్షిణాది తెల్లవాళ్ళలాగా మనవాళ్ళే జారి ఉండవచ్చు. నాకూ తెలియదు, మీకూ తెలియదు. నేను ఒకసారి ఊహించి సున్నా తెచ్చుకున్నాను, మళ్ళీ ఊహించను. వెళ్ళి అడగండి.

మీరు ఓడిపోయినందుకు నాకు ఏడుపొచ్చింది. అమ్మ ముందు ఏడవలేక మేడ మీదికి వెళ్ళాను. మీరు రాకపోయినా, రూల్ పుస్తకం తీసి కూటంలో గట్టిగా చదివింది మీరొక్కరే. ఆ మాట నేను మరిచిపోను.

బృంద


విరుదునగర్,
24 నవంబరు 2024

అమ్మా బృందా,

రాయనన్న మాట తప్పాను. ఓడినవాడి మాటకు విలువ తక్కువే కనుక పరవాలేదు.

నిన్న సాయంత్రం కోవిల్‌పట్టి వచ్చాను. మీ ఇంటికి రాలేదని మీ అమ్మ తిడుతుంది, కొంచెం సర్ది చెప్పు. బస్టాండునుంచి నేరుగా కాలనీకి నడిచాను. ఇసక్కిపాండి ఇంటికి పోలేదు. పాండియమ్మాళ్ ఇల్లు ఏదని అడిగాను. ఆమె వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతున్నది. నన్ను చూసి లేవలేదు. "రాండి అయ్యా, కూసోండి" అని ముక్కాలిపీట చూపించింది.

ఎవరికి వేశావని అడిగాను. అట్లా అడగకూడదు, నాకు తెలుసు. ఆమె దాచలేదు. "నారాయణసామికే వేస్తిని" అన్నది. నేను చేర్చాను కదా అన్నాను. ఆమె చేట పక్కన పెట్టింది. చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీరు సేర్సినారు, మంచిదే. సేర్సినందుకు ఓటు మీదేనని అనుకొంటిరి. ఇసక్కిపాండిని అడిగితిరి. నన్ను అడిగితిరా? మమ్మల్ని సేర్సొద్దని సెప్పినోడే సనివారం గేటుకాడికి వచ్చినాడు. పేరు సెప్పి పిలిసినాడు. నీ ఓటు కావాల అని అడిగినాడు. వాడు మంచోడు కాదు, నాకు తెలవదా? ఐనా నా ఇరవై రెండేండ్ల కొలువులో నన్ను ఒకడు ఒకటి కావాలని అడిగింది అదే మొదటిసారి. అందరూ సెప్పినోళ్ళే, అడిగినోళ్ళు లేరు."

ఆ శనివారం మడిచి పెట్టిన నీ ఉత్తరమే కళ్ళముందు కనిపించింది. మొగుళ్ళు, పెద్దలు ఏమన్నా వినకుండా ఎవరికి తోచినట్టు వాళ్ళు వేశారట. ఎంతమంది ఎటో ఆమెకు కూడా తెలియదు. నాకు వేసినవాళ్ళు కూడా ఉన్నారని చెప్పింది. ఆమె చెల్లెలు మారిసెల్వి నాకే వేసిందట, రూల్ చదివిన ముసలాయన అని. నా నూటపదహారులో వాళ్ళు ఎందరో, మన ఇళ్ళవాళ్ళు ఎందరో. నలభై ఏళ్ళ ఏజెంటుకు ఒక్క కిళై లెక్క తేలలేదు.

టీ ఇచ్చింది. చక్కెర ఎక్కువ. తాగాను. అరవై ఎనిమిదేళ్ళలో ఆ వీధిలో నేను మంచినీళ్ళు కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. నీకు కాబట్టి రాస్తున్నాను, చాలా సిగ్గుపడ్డాను.

లేవబోతుంటే ఆమె కూర్చోమన్నది. సంగం కమిటీలో ఆడవాళ్ళకు ఒక చోటు ఉంది కదా, ఫిబ్రవరిలో దానికి ఎన్నిక. ఐదు కిళైలవాళ్ళూ వేయాలి. ఆ చోటుకు నిలబడుతున్నానని చెప్పింది. తరువాత రెండు చేతులూ జోడించి, "అయ్యా, మీ ఓటు నాకు కావాల" అన్నది.

నా జన్మలో నన్ను ఎవరూ ఓటు అడగలేదు బృందా. నేనే అందరినీ అడిగేవాణ్ణి, కాదు, లెక్క వేసుకునేవాణ్ణి. నా ఇల్లూ వీధీ చూసి నా ఓటును కూడా ఎవరో ఒకరు ముందే కూడేసుకునేవారు. ఆలోచించి చెబుతానన్నాను.

నిన్నటినుంచి నిజంగానే ఆలోచిస్తున్నాను.

నీ మామ,
తిరుపతిసామి